తిథి గల అతిథి

అతిథి యనగా తిథి నియమము లేక వచ్చువాడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. ఏ దినమున వచ్చునో, ఎన్ని దినములుండునో తెలియని వానికి అన్నము పెట్టుట గృహస్థుని ధర్మమని మనము చిన్ననాటి నుండి వినుచున్నాము. కాని అతిథి యొక్క ధర్మమేమి? పరుల యింట నుండువాడు ఎట్లు మెలగవలెను? తన నియమములలో వేనిని నిలుపుకొనవలెను, వేనిని గడప యొద్ద విడువవలెను? గృహస్థునకు చెప్పినంత విపులముగా మన పెద్దలు అతిథికి చెప్పినట్లు తోచదు. నేడు ఈ ప్రశ్న మన యిండ్లలోనికే వచ్చినది. మన బిడ్డలు చదువులకై దూరదేశములకు పోవుచున్నారు. వారిలో వినిమయ విద్యార్థులు అనబడువారు ఒక ప్రత్యేక వర్గము. వీరు తిథి గల అతిథులు. వచ్చు దినమును, పోవు దినమును ముందే నిర్ణయింపబడి యుండును.

ఈ వినిమయము ఎట్టిదో తెలిసికొనినగాని అందలి ధర్మసూక్ష్మము బోధపడదు. దక్షిణ కొరియా దేశమున విద్యాసంవత్సరము మార్చి నెలలో ప్రారంభమగును. దాని రెండవ భాగము సెప్టెంబరులో మొదలగును. ఒక్కొక్క భాగము సుమారు 16 వారములు. రెండు విశ్వవిద్యాలయములు ఒడంబడిక చేసికొని, ఇచటి విద్యార్థిని అచటికి, అచటి విద్యార్థిని ఇచటికి పంపుకొనును. సాధారణముగా విద్యార్థి రుసుమును తన విశ్వవిద్యాలయమునకే చెల్లించి, అచట చదివిన చదువును ఇచట లెక్కకు తెచ్చుకొనును. కనుక అతడు కూర్చుండు ఆసనము ధనమిచ్చి కొనుక్కొన్నది కాదు. అది ముందు పోయినవారి నడవడిపై నిలిచినది; వెనుక పోవువారి కొరకు మిగులవలసినది. ఒక్కడు చెడ్డపేరు తెచ్చుకొనినచో ఆ భారము అతనిని ఎరుగని మరియొకరి తలపై బడును. అతిథికి ఇంతటి బాధ్యత మరియెచటను ఉండదేమో.

బూసాన్ నగరమును ఉదాహరణముగా గైకొందము. అది ఆ దేశమున రాజధాని సియోల్ తరువాత పెద్ద నగరము. ఆగ్నేయ తీరమున నున్న గొప్ప రేవు. 1946లో స్థాపింపబడిన అచటి జాతీయ విశ్వవిద్యాలయము గుమ్‌జంగ్ కొండ పాదమున నున్నది. ఈ నగరమునకు అతిథులు క్రొత్తవారు కారు. 1950లో కొరియా యుద్ధము మొదలైనప్పుడు దేశము నలుమూలల నుండి లక్షల కొలది శరణార్థులు ఇచటికే చేరిరి. యుద్ధకాలమున అధికభాగము తాత్కాలిక రాజధానియు ఇదియే. చోటు చాలక జనులు కొండ వాలుల మీద గుడిసెలు వేసికొనిరి. అమిదోంగ్ అను పేటలో జపానువారి పూర్వపు శ్మశానవాటిక పైననే ఇండ్లు కట్టుకొని, సమాధి ఫలకములనే పునాదిరాళ్లుగా వాడుకొనిరి. ఆ రాళ్లు కొన్ని నేటికిని గోడల క్రింద కనబడుచున్నవి. పరుల చోట తల దాచుకొనుట యెట్టిదో ఎరిగిన నగరమది.

మన దేశమునకును ఆ రేవుతో ఒక సంబంధము కలదు. ఆ యుద్ధమున ఐక్యరాజ్యసమితి పక్షమున సహాయము కోరబడినప్పుడు, భారతదేశము పోరాడు సేనను పంపక వైద్యదళమును పంపెను. లెఫ్టినెంట్ కర్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వమున 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 నవంబరులో బూసాన్ రేవున దిగెను. వారు గాయపడిన సైనికులకును, సామాన్య ప్రజలకును చికిత్స చేసిరి. ఆ యింటి కష్టములో పాలుపంచుకొనిరి. కాని తమ దేశము పూనిన నియమమును విడువలేదు. ఈ రెండును ఒకచోట నిలుచుట సాధ్యమేనని చెప్పుటకు ఈ ఉదంతమును పేర్కొంటిని.

మా పూర్వ విద్యార్థిని యొకతె ఆ నగరమున ఒక విద్యాభాగము చదివి వచ్చినది. ఒకనాడు మా యింటికి వచ్చి ఇట్లు అడిగినది: “మాస్టారూ, అక్కడ నాలుగు నెలలు వాళ్లలాగే వంగి నమస్కారం పెట్టాను, రెండు చేతులతో పుచ్చుకున్నాను, వాళ్ల మాటే మాట్లాడాను. తిండి దగ్గర మాత్రం ససేమిరా అన్నాను. మరి నేను మారినట్టా, మారనట్టా?” ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, మనము ఆచారమని ఒకే పేరుతో పిలుచుచున్న దానిని రెండుగా విడదీయవలసి యున్నది. ఒకటి మర్యాద, రెండవది వ్రతము.

మొదట మర్యాద. ఆ దేశమున అది కంటికి, చేతికి, నాలుకకు మూడింటికిని నేర్పవలసిన విద్య. ఇంటిలోనికి పాదరక్షలతో పోరాదు. పెద్దలకు ఏ వస్తువు నిచ్చినను, వారి నుండి ఏది పుచ్చుకొనినను రెండు చేతులు చాపవలెను. భోజనపు బల్ల యొద్ద పెద్దలు చెంచా యెత్తక ముందు పిన్నలు మొదలుపెట్టరు. అన్నపు గిన్నెలో పుల్లలను నిలువుగా గ్రుచ్చరాదు. అది మృతులకు పెట్టు అన్నమును జ్ఞప్తికి తెచ్చును. భాష యందు ఎదుటివాని వయసును, స్థానమును బట్టి క్రియాపదముల చివరలు మారును. గౌరవవాక్కును జోందేమాల్ అనియు, చనువు మాటను బన్‌మల్ అనియు అందురు. ముందుగా చేరిన విద్యార్థి సన్‌బే, వెనుక చేరినవాడు హుబే. పరిచయమైన కొంత సేపటికే వయసు అడుగుదురు. అది ఆరా తీయుట గాదు, ఏ క్రియాంతము వాడవలెనో నిర్ణయించుకొనుట. 2023 జూన్ నెలలో వయసు లెక్కించు పాత పద్ధతిని ప్రభుత్వ వ్యవహారములలో మార్చిరి గాని ఈ పలకరింపు మారలేదు.

‘రా’, ‘రండి’ అను భేదము నెరిగిన తెలుగువానికి ఇది వింత గాదు. వాక్యము చివర క్రియ వచ్చుట, నామమునకు వెనుక విభక్తి చేరుట కూడ మన భాషవలెనే యుండును. హోమర్ హల్బర్ట్ అను అమెరికా దేశపు విద్వాంసుడు కొరియా భాషను ద్రావిడ భాషలతో పోల్చి 1905లో ఒక గ్రంథమే ప్రకటించెను. తరువాతి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికమును అంగీకరింపలేదు. చుట్టరికము లేకున్నను పోలిక యుండవచ్చును. పోలిక యున్నచోట నేర్చుట సులభము. “తిన్నారా?” అని కుశలమడుగు అలవాటు కూడ వారికిని మనకును ఉన్నది.

ఈ మర్యాదలన్నియు గృహస్థునివి. ఆ యింటి గౌరవము ఏ రూపమున వ్యక్తమగునో నిర్ణయించువాడు ఆ యింటివాడే. చేతులు జోడించినచో గౌరవమనియు, నడుము వంచినచో దాస్యమనియు తలంచుట అవివేకము. లోపలి భావము ఒకటియే. దాని వేషము మారినది. కావున వీనిని అతిథి సగము సగము గాక, సంపూర్ణముగా స్వీకరింపవలెను. ఇందు అతడు కోల్పోవునది ఏమియు లేదు.

వ్రతము అట్టిది గాదు. అది ఎదుటివానికి గౌరవము చూపుటకై పూనినది గాదు. తన అంతరంగమునకు తాను ఇచ్చిన మాట. శాకాహారము పరంపరగా గల మన కుటుంబముల బిడ్డకు బూసాన్ కఠిన పరీక్షయే. దెజి గుక్‌బప్ అను పందిమాంసపు పులుసన్నము ఆ నగరపు ప్రసిద్ధ భోజనము. జగల్చి చేపల అంగడి దేశమంతట పేరుపొందినది. కేవలము కాయగూరవలె కనబడు కిమ్చీలో సైతము ఉప్పున ఊరిన రొయ్యలో, చేపల రసమో సాధారణముగా చేరి యుండును. అనేక వసతిగృహములలో గదిలో వంట చేసికొనుట నిషిద్ధము. ఇట్టిచోట కొందరు కనులు మూసికొని, అడుగకుండ తిందురు. తెలియక తినినచో దోషము లేదని వారి వాదము. తెలియకపోవుట వేరు, తెలిసికొనకుండ జాగ్రత్తపడుట వేరు. రెండవది అజ్ఞానము గాదు, అజ్ఞానము నటించుట.

మరికొందరు సంకోచపడి “వైద్యుడు వలదన్నాడు” అని బొంకుదురు. ప్రశ్నలు తప్పును, ఎవరి మనస్సును నొవ్వదు అని వారి తలంపు. కాని తన వ్రతమును తానే రోగమని చెప్పుకొనుట దానికి ఎంతటి అవమానము! పైగా ఆ బొంకును నమ్మి జాలిపడిన మిత్రుని మంచితనమును వంచించినట్లగును. “కోగి అన్ మొగొయో” – నేను మాంసము తినను – అను మూడు మాటలను గౌరవ క్రియాంతముతో పలికినచో చాలును. ముందే చెప్పుట మేలు. వడ్డించిన పిదప ముఖము చిట్లించుట మర్యాద గాదు.

శాకాహారము ఆ దేశమునకు తెలియనిదియు గాదు. దానికి వారి భాషలోనే ఛేషిక్ అను పేరు కలదు. విశ్వవిద్యాలయమునకు దగ్గరలోనే, అదే కొండ యంచున, క్రీ.శ. 678లో ఉయిసాంగ్ అను భిక్షువు స్థాపించెనని చెప్పబడు బొమొసా అను బౌద్ధాలయము కలదు. అట్టి ఆలయముల భోజనములో మాంసము, చేపలే గాక ఉల్లి, వెల్లుల్లి వంటి ఘాటైన కూరలును ఉండవు. భిక్షువులు తమ విధి ప్రకారము భుజించునప్పుడు గిన్నెను నీటితో కడిగి ఆ నీటిని కూడ త్రాగుదురు. ఒక్క మెతుకైనను వ్యర్థము గాదు. “ఆలయమున తినునట్లు తిందును” అని చెప్పినచో అర్థము గాని కొరియా వృద్ధుడు ఉండడు. తన వ్రతమును చెప్పుటకు ఆ యింటి మాటనే వెదకి తెచ్చుకొనుట అతిథి నేర్పు.

మద్యపానము ఇంకను చిక్కైనది. విద్యార్థుల విందులలో సన్‌బే స్వయముగా పాత్రలో పోయును. దానిని నిరాకరించుట ఆ మనిషినే నిరాకరించుటగా తోచవచ్చును. ఇచట మర్యాదయు వ్రతమును ఒకే గ్లాసులో కలసియున్నవి. వానిని వేరుచేయవలెను. రెండు చేతులతో గ్లాసును చాపి, అందులో పండ్లరసము పోయుమని కోరవచ్చును. తాను లేచి పెద్దలకు రెండు చేతులతో అందింపవచ్చును. కడవరకు వారితో కూర్చుండవచ్చును. గౌరవమంతయు ఇచ్చి, మద్యమును మాత్రము పుచ్చుకొనకుండుట సాధ్యమే. గ్లాసును త్రోసివేయువాడు మర్యాదను చంపును. మొగమాటమునకు త్రాగువాడు వ్రతమును చంపును.

నిత్యపూజ విషయమున కూడ ఈ విచక్షణ వలయును. ఇష్టలింగమును ధరించిన బిడ్డ మరియొకరితో కలసియున్న గదిలో దీపమును, ధూపమును వెలిగింపజాలదు. అగ్నిభయముచే వసతిగృహములు వానిని అంగీకరింపవు. అందులకు నొచ్చుకొన నవసరము లేదు. అరచేతిలోని లింగమునకు తోడివాని నిద్ర చెరుపని నిశ్శబ్దము చాలును.

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. “నేడు నమస్కారము మార్చినవాడు రేపు ఆహారము మార్చును, ఒకటి విడిచినచో అన్నియు విడిచినట్లే” అని పెద్దలు అందురు. “ఏ దేశమున నున్న ఆ దేశపు రీతి, మిగిలినదంతయు మూఢత్వము” అని యువకులు అందురు. ఈ రెండు వాదములును ఒకే పొరపాటు నుండి పుట్టినవి. మర్యాదకును వ్రతమునకును భేదము లేదని ఇరువురును తలంచిరి. అందుచేత ఒకరు అన్నింటిని పట్టుకొని గదిలో తలుపు వేసికొందురు. మరియొకరు అన్నింటిని వదలి తామెవరో మరతురు. తలుపు వేసికొనినవాడు నాలుగు నెలలు తెలుగు స్నేహితులతోనే తిని, తెలుగు సినిమాలు చూచి తిరిగి వచ్చును. అతడు బూసాన్‌లో ఉండెను గాని బూసాన్‌ను చూడలేదు. తన్ను మరచినవాడు ఎదుటివానికి ఇచ్చుటకు ఏమియు మిగుల్చుకొనలేదు. ఇరువురి యందును వినిమయము జరుగలేదు.

ఇక, పై రెండింటి కంటె సూక్ష్మమైన విషయము ఒకటి కలదు; అది క్షమను గూర్చినది. పరదేశి యేమి చేసినను జనులు సాధారణముగా మన్నింతురు. చనువు క్రియాంతముతో ఆచార్యుని పలకరించినను నవ్వి ఊరకుందురు. ఆ దేశమున 1995 నుండి గృహముల చెత్తకు ప్రత్యేక సంచులు కొని వాడు పద్ధతి అమలులో నున్నది. ఆహారపు వ్యర్థమును, కాగితమును, గాజును వేరు వేరుగా వేయవలెను. తప్పుగా వేసిన పరదేశిని చూచి పొరుగువారు “పాపము, తెలియదు” అని తామే సర్దుదురు. మొదటి వారమున ఈ క్షమ అవసరమే. పదవ వారమునకు కూడ దానిపైననే బ్రదుకువాడు అతిథి గాడు; క్షమను ఆహారముగా తినువాడు. అన్నము పెట్టువాని చేయి నొచ్చునని ఎరిగినవాడు క్షమించువాని మనస్సు అలయునని ఎరుగడా?

తరగతిలో ఇది మరింత తీవ్రమగును. అచట అనేక పాఠ్యాంశములలో నలుగురైదుగురు కలసి ఒక పని పూర్తిచేసి సభయందు వివరింపవలసి యుండును. భాష రాని పరదేశి వాటాను తక్కినవారు మౌనముగా తామే వ్రాసి, అతని పేరును కూడ చేర్చుదురు. మార్కులు ఒకరితో ఒకరిని పోల్చి యిచ్చు పద్ధతి అచట విరివిగా కలదు గనుక, ఆ నలుగురి నిద్రలేని రాత్రులకు విలువ కలదు. అతనిపై ఎవరును ఫిర్యాదు చేయరు. కాని చేయని పనికి పేరు పుచ్చుకొనుట పరదేశమున మాత్రము పుణ్యమగునా? “నాకు వాక్యములు వ్రాయుట రాదు, అంకెలు పట్టికగా నేను కూర్చెదను, చిత్రములు నేను గీసెదను” అని తాను చేయగల పనిని అడిగి పుచ్చుకొనుట అతని ధర్మము.

ఆ అమ్మాయి చెప్పిన మరియొక సంగతి ఇచట చెప్పదగియున్నది. వచ్చిన చాలా దినముల వరకు ఆమె మాటలోని తప్పును ఎవరును దిద్దలేదు, అందరును మెచ్చుకొనిరి. ఒకనాడు ఒక సన్‌బే ఆమెను ప్రక్కకు పిలిచి, “పెద్దవారితో ఈ క్రియాంతము వాడరాదు” అని మెల్లగా చెప్పెను. ఆ రాత్రి ఆమెకు కన్నీరు వచ్చినదట. మరునాటి నుండి ఆ బృందము ఆమెకు కూడ పని పంచియిచ్చెను, ఆలస్యమైనచో అడిగెను. అంతవరకు ఆమె గౌరవింపబడిన పరదేశి. ఆ దినము నుండి వారి హుబే. క్షమించుట దయ, దిద్దుట చేర్చుకొనుట. దిద్దినవాని యెడ కోపగించినచో ఆ తలుపు మరల మూతపడును.

కొరియా భాషలో ‘ఉరి’ అను సర్వనామము కలదు. మన చెవికి ఆ మాట అశుభముగా తోచవచ్చును గాని వారికి అది మిక్కిలి ప్రీతిపాత్రమైనది. ఒక్కడే పలుకుచున్నను ‘నా యిల్లు’, ‘నా తల్లి’ అనక ‘ఉరి’ అని చేర్చి చెప్పుదురు. మనమును ‘మా యిల్లు’, ‘మా అమ్మ’ అనియే అందుము గదా. అయితే ఒక భేదము కలదు. తెలుగున ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మా’ అనినచో వినువాడు వెలుపల నుండును. ‘మన’ అనినచో లోపల నుండును. ‘ఉరి’ అను మాటలో ఈ రెండర్థములును ఇమిడి యున్నవి. “ఉరి తరగతి” అని ఎవరైన పలికినప్పుడు అది ‘మా తరగతి’యో ‘మన తరగతి’యో పరదేశికి తెలియదు. వ్యాకరణము అతనికి చెప్పదు; అతని నడవడియే ఆ అర్థమును నిర్ణయించును. మర్యాదను సంపూర్ణముగా నేర్చి, వ్రతమును నిజము చెప్పి నిలుపుకొని, క్షమను హక్కుగా వాడుకొననివానికి ఆ మాట క్రమక్రమముగా ‘మన’ యగును.

బూసాన్ ప్రక్కనే గిమ్హే అను పట్టణము కలదు. బూసాన్‌కు పోవు విమానములు దిగు విమానాశ్రయమునకు ఆ పేరే యున్నది. ఆయుత అను దేశము నుండి క్రీ.శ. 48లో ఒక రాజకుమారి నౌకలో వచ్చి అచటి సురో రాజును వివాహమాడెనని 13వ శతాబ్దమున ఇర్యోన్ అను భిక్షువు కూర్చిన సంగుక్ యుసా గ్రంథము చెప్పుచున్నది. ఆ దేశము మన అయోధ్యయేయని కొందరు నమ్ముదురు. చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. ఆమె కుమారులలో ఇరువురు తల్లి వంశనామమైన హో అను పేరును ధరించిరని జనశ్రుతి. ఆమె సమాధిని నేటికిని గిమ్హేలో గౌరవించుచున్నారు. చరిత్ర యెట్లున్నను, ఈ కథను కాపాడుకొన్న జనుల మనస్సు గమనింపదగినది. వచ్చిన అతిథి ఆ యింటిదానిగా మారెను. ఆమె పేరును మాత్రము తుడిచివేయుమని ఎవరును కోరలేదు.

ఆ అమ్మాయికి నేను చెప్పినది ఇంతియే: “మర్యాదలో మారినావమ్మా, వ్రతములో మారలేదు, రెండును జరుగవలసినవే.”

శరణ బంధువులారా! వినిమయమను మాటకు రెండు తలుపులు కలవు. మన పిల్లలు పోవుచున్నట్లే, హైదరాబాదులోని విశ్వవిద్యాలయములకును ఆసియా, ఆఫ్రికా ఖండముల నుండి విద్యార్థులు వచ్చుచున్నారు. వారు అద్దెగది కొరకు తిరుగునప్పుడు మనము వారి రంగును చూచుచున్నామా, మనుష్యుని చూచుచున్నామా? మన మర్యాదను వారికి ఓపికగా నేర్పుచున్నామా? వారు తినునదియు తిననిదియు అడిగి తెలిసికొనుచున్నామా? వారి తప్పును చూచి వెనుక నవ్వుకొనుచున్నామా, ప్రక్కకు పిలిచి దిద్దుచున్నామా? బూసాన్‌లో మన బిడ్డకు దొరకవలెనని మనము కోరుకొను గృహస్థుడు ఇచట మన వీధిలోనే కావలసి యున్నాడు. బిడ్డ తిరిగి వచ్చిన దినమున మార్కులతో బాటు, అచట ఎవరు నిన్ను దిద్దిరి, ఎవరికి నీవు సాయపడితివి అని కూడ అడుగుడు. ఆ సమాధానము వినిన పిదప, మన వీధిలో గది వెదకుచున్న పరదేశి విద్యార్థిని ఒక పూట భోజనమునకు పిలువుడు.